ఐరోపాలో మాసవాసము: మకాము నిర్ణయము



నేటి నా ప్రసంగ విషయము చూచుటకు స్వల్పము. ఐరోపా ఖండమున నెల దినములు విశ్రాంతిగా గడపి రాదలచిన పెద్దలు ఆ నెలకు తమ మకామును ఏ యూర నిలుపుకొనవలెను? ఇదియే విషయము. "మాకెందుకయ్యా ఈ సంగతి?" అని మీలో కొందరనవచ్చును. మన పల్లెలనుండి బిడ్డలు చదువులకును ఉద్యోగములకును దూరదేశములకు పోవుట నేడు సామాన్యమైనది. వారు తలిదండ్రులకు టిక్కెట్లు కొని పంపుచున్నారు. పింఛను సొమ్ము కూడబెట్టుకొని స్వయముగా బయలుదేరు దంపతులును లేకపోలేదు. అట్టివారికి చూడవలసిన ఊళ్ల పట్టికలు చెప్పువారు చాలమంది దొరకుదురు గాని, ఎక్కడ కుదురుగా కూర్చుండవలెనో చెప్పువారు అరుదు. ఈ విషయమున నేను మొదట పొరబడి, పిమ్మట దిద్దుకొన్నవాడను. కావున నా యనుభవమునే మీ ముందుంచుచున్నాను.

2017వ సంవత్సరమున నేనును నా భార్యయు మొదటిసారి ఐరోపాకు పోయితిమి. ఒక యాత్రా బృందముతో కలిసి పోయితిమి. 12 దినములు, 7 దేశములు. ఇంత తక్కువ సొమ్ముతో ఇన్ని దేశములా యని ఆ ప్రకటన చూచి నేను మురిసితిని. అక్కడికి పోయిన పిమ్మట అసలు సంగతి తెలిసినది. తెల్లవారుజామున 5 గంటలకు లేచుట, పెట్టెలు గది బయట పెట్టుట, బస్సెక్కుట, దిగి ఫొటో తీసికొనుట, మరల బస్సెక్కుట. ఒక మహానగరపు రైలు స్టేషనులో ఆనాడు లిఫ్టు పనిచేయకుండెను. చేతి పెట్టెతో మెట్లెక్కుచు నా భార్య నడుమ మెట్టుపై కూలబడినది. పైన బృందమువారు గడియారములు చూచుకొనుచుండిరి. ఆమె కన్నుల నీరు తిరుగుట నేను చూచితిని. నేను చూచుట గమనించి ఆమె ముఖము త్రిప్పుకొన్నది. ఆ మోకాలి నొప్పి ఆనాడు మొదలైనది. నేటికిని పూర్తిగా విడువలేదు.

ఊరికి తిరిగి వచ్చిన పిమ్మట ఇరుగుపొరుగు అమ్మలక్కలు చేరి, "ఏమేం చూశావు వదినా?" అని యడిగిరి. ఆమె నవ్వి, "బస్సు కిటికీ చూశానమ్మా. ఏ ఊళ్లోనూ స్థిమితంగా కాళ్లు కడుక్కున్నది లేదు" అన్నది. అరుగుమీద పత్రిక చదువుకొనుచున్న నాకు ఆ మాట వినబడినది. ములుకువలె నాటుకొన్నది. పొరబాటు బృందమువారిది కాదు. చెప్పినదంతయు వారు చూపిరి. ఎన్ని దేశములని లెక్కించుకొన్న నాదే పొరబాటు.

ఎనిమిదేండ్లు గడచినవి. ఉద్యోగ విరమణనాడు చేతికి వచ్చిన సొమ్ములో కొంత విడిగా దాచి యుంచితిని. ఆమెకు 66 ఏండ్లు నిండినవి. సమతల భూమిపై నడక మంచిదనియు, మెట్లు మాత్రము తగ్గించవలె ననియు వైద్యుడు చెప్పెను. ఇంకొకసారి పోవుదమా యని నేనడిగితిని. "పోతే ఒక నెల ఉండి రావాలి. ఒక నది ఒడ్డున కూర్చోవాలి" అని ఆమె యన్నది. ఇది మా కడపటి దూరప్రయాణము కావచ్చునని ఇరువురకును తెలియును. ఆ మాట మాత్రము ఎవరమును పైకి అనుకొనలేదు.

నేను మూడు రాత్రులు కూర్చుండి 30 దినములకు ఒక పట్టిక వ్రాసితిని. అందు 11 ఊళ్లు. బుద్ధి వచ్చినదనుకొన్న వానికి వచ్చిన బుద్ధి అంతే! ఆమె కళ్లజోడు పెట్టుకొని మొదటినుండి తుదివరకు చదివి, కాగితము నా చేతికిచ్చి, "అంతా బాగానే ఉంది. ఇందులో మనం కూర్చునే ఊరు ఏదండీ?" అని యడిగినది. సమాధానము చెప్పలేకపోయితిని. ఆ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు మూలము.

మన భాషలో రెండు మాటలు కలవు: మజిలీ, మకాము. దారిలో రాత్రికి దిగి, ప్రొద్దుననే లేచి పోవునది మజిలీ. కొంతకాలము కాలు నిలుపుకొని యుండునది మకాము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, 1831లో తిరిగి వచ్చి, ఆ ప్రయాణమును గ్రంథముగా మనకిచ్చిన సంగతి మీలో పలువురెరుగుదురు. వారిది నడకకాలము. దారి పొడవునను మజిలీలు తప్పవు. మనకు విమానములును రైళ్లును ఉన్నవి. అయినను మనము కోరి మజిలీలు పెంచుకొనుచున్నాము.

లెక్క వేసి చూడుడు. 11 ఊళ్లనగా 10 మార్పులు. ప్రతి మార్పునకును పెట్టెలు సర్దవలెను, గది యప్పగించవలెను, స్టేషనుకు పోవలెను, రైలెక్కవలెను, దిగి క్రొత్త గది వెదకవలెను. గదులు తరచుగా మధ్యాహ్నము 2, 3 గంటలవరకు ఇయ్యరు. పూటయైన పోక తప్పదు. పలుమారు దినమే పోవును. అనగా 30 దినములలో 5 మొదలు 10 దినములు మోతకే చెల్లును. ఒకే మకామున నుండి, ఉదయము పోయి సాయంకాలము తిరిగి వచ్చు విధముగా చూచినచో, ఊళ్లు రెండు మూడు తగ్గవచ్చును గాని పెట్టెలు మోయు దినములు రెండే: పోయిన దినము, వచ్చిన దినము.

మకాము నిర్ణయము మొట్టమొదట జరుగవలె ననుటకు ఇంకొక కారణము కలదు. అది చట్టము. లక్సెంబర్గు అను చిన్న దేశమున, మొసెల్ నదీతీరమున షెంగెన్ అను పల్లె యున్నది. 1985 జూన్ 14వ తేదీన, సరిహద్దులలో తనిఖీలు ఎత్తివేయుటకు అయిదు దేశములవారు అచ్చట ఒప్పందము చేసికొనిరి. ఆ పల్లె పేరే నేడు 29 దేశముల ఉమ్మడి వీసాకు పేరైనది. ఇంగ్లండును ఐర్లండును అందులో లేవు. వానికి వేరుగా అనుమతి పొందవలెను. ఈ వీసాతో ఏ 180 దినములు తీసికొన్నను అందులో 90 దినములకు మించి యుండరాదు. ఏ దేశమున ఎక్కువ దినములుందురో ఆ దేశమువారికే దరఖాస్తు పెట్టుకొనవలెను. అన్ని దేశములందును సమానముగా నున్నచో, మొదట అడుగుపెట్టు దేశమువారికి. కావున "మీ మకామెక్కడ?" అని మొదట అడుగునది వీసా కాగితమే.

దరఖాస్తును ప్రయాణమునకు 6 నెలలకు ముందుగా ఇయ్యరాదు. 15 దినములకంటె ఆలస్యముగా ఇయ్యరాదు. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు. తక్కువలో తక్కువ 30,000 యూరోల వైద్యఖర్చులకు భీమా తప్పనిసరి. ఆ భీమా పత్రమును పెద్దలు మిక్కిలి జాగ్రత్తగా చదువుకొనవలెను. ముందునుండి యున్న మధుమేహము, రక్తపుపోటు, కీళ్లనొప్పులు మొదలగు వానికి అది వర్తించునా, వర్తించదా యని అడిగి వ్రాయించుకొనవలెను. దిగు ఇంటి వివరము, వచ్చిపోవు విమానపు వివరము, బ్యాంకు లెక్క చూపవలెను. వీసా చేతికి వచ్చువరకు, రద్దు చేసికొన్నచో సొమ్ము తిరిగి వచ్చు పద్ధతిలోనే ఇల్లు మాటాడుకొనుట మేలు. 2025 అక్టోబరు 12వ తేదీనుండి సరిహద్దున వ్రేలిముద్రలును ముఖచిత్రమును యంత్రములో నమోదు చేయు పద్ధతి మొదలైనది. కావున దిగిన దినమున తొందరపాటు ప్రయాణము పెట్టుకొనరాదు.

ఇక ఊరినెట్లు ఎన్నుకొంటిమో చెప్పెదను. మేమిరువురమును కూర్చుండి అయిదు ప్రశ్నలు వ్రాసికొంటిమి. ఒకటి: ఆ యూరినుండి నలుదిక్కులకును తిన్నని రైళ్లున్నవా? రెండు: మెట్లు లేకుండ తిరుగవచ్చునా? మూడు: వంటయిల్లు గల బస దొరకునా? నాలుగు: ఎక్కడికిని పోని దినమున గూడ ఆ యూర ఊరక కూర్చుండ బుద్ధి పుట్టునా? అయిదు: మా సంచికి తగునా? ఈ అయిదింటిలో నాలుగవది ఆమె వ్రాయించినది. అదియే ముఖ్యమైనదని తరువాత తెలిసికొంటిని.

మొదట పారిస్ నగరమును తూచితిమి. చిత్రశాలలకును, విద్యకును, అందమునకును అది పేరెన్నికగన్నది. అచ్చటి భూగర్భ రైలు 1900లో మొదలైనది. పాతది కావున పెక్కు స్టేషనులలో మెట్లే గతి. యువకులకు అది లెక్కలోనిది గాదు. మాకు మాత్రము రెండవ ప్రశ్నయందే అది తప్పిపోయినది. రోము నగరమునుండి ఫ్లారెన్సుకు సుమారు గంటన్నర, నేపుల్సుకు గంటకు కొంచెము పైన. శిల్పమును, పురాతన కట్టడములును ప్రియమైనవారికి అంతకు మించిన మకాము లేదు. మేము పోదలచినవి జూన్, జూలై నెలలు. ఆ నెలలలో అచ్చట ఎండ తీవ్రము. ఎండ చూచుటకు గోదావరి ఒడ్డునుండి రోమువరకు పోనక్కరలేదు గదా!

పిమ్మట స్విట్జర్లాండులో రెండు సరస్సుల నడుమనున్న ఇంటర్లాకెన్ అను ఊరిని చూచితిమి. అచ్చటినుండి 3,454 మీటర్ల ఎత్తుననున్న యుంగ్‌ఫ్రౌయోఖ్ వరకు కొండను తొలిచి వేసిన రైలున్నది. 1896లో మొదలిడి 1912లో ముగించిరి. మంచుకొండలే ముఖ్యమని తలచువారు దానినే ఎన్నుకొనవచ్చును. అయితే ఐరోపాలో మిక్కిలి ప్రియమైన దేశములలో అదియొకటి. అక్కడి నెలవాసము మా సంచికి మించినది.

తుదకు ఆస్ట్రియా రాజధాని వియన్నా మా అయిదు ప్రశ్నలకును నిలిచినది. మధ్య ఐరోపాలో అది నాలుగు దారుల కూడలి వంటిది. స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావాకు రైలులో సుమారు ఒక గంట. సాల్జ్‌బర్గునకు రెండున్నర గంటలు. హంగరీ రాజధాని బుడాపెస్టుకు రెండు గంటల ముప్పావు కంటె కొంచెము తక్కువ. చెక్ దేశపు ప్రాగ్ నగరమునకు సుమారు నాలుగు గంటలు. భూగర్భ రైలు స్టేషనులన్నింటను లిఫ్టులో వాలుదారులో ఉన్నవి. ట్రాములు వీధివీధిని తిరుగును. పారిస్ గొప్పదా, వియన్నా గొప్పదా యను వాదము నాకక్కరలేదు. ఎవరి మోకాళ్లకు, ఎవరి సంచికి, ఎవరి మనస్సునకు ఏది తగునో వారు తేల్చుకొనవలెను. ఇంగ్లండులో కుమారుడున్నవాడు, జర్మనీలో కుమార్తె యున్నవాడు మా లెక్కను అనుసరింపనక్కరలేదు.

ఊరు తేలిన తరువాత ఇల్లు. ఇచ్చట ఒక మోసము కలదు; ఎవరును కావలెనని చేసినది గాదు. ఐరోపాలో నేలమీది యంతస్తును సున్నగా లెక్కింతురు. మొదటి అంతస్తనగా మనకు మేడమీదిది. వియన్నాలోని పాత యిండ్లలో ఈ రెండింటి నడుమ మరి యొకటి, రెండు చిన్న యంతస్తులకు వేరు పేర్లుండును. అందుచే "రెండవ అంతస్తు" అని వ్రాసియున్న ఇల్లు నాలుగవదై కూర్చుండవచ్చును. కావున ఎన్నవ అంతస్తని అడుగరాదు. వీధిగడపనుండి గదివరకు మెట్లెన్ని, లిఫ్టు ఉన్నదా, ఆ లిఫ్టునకు ముందు గూడ మెట్లున్నవా యని అడుగవలెను. మేము అడిగితిమి. "లిఫ్టునకు ముందు 6 మెట్లు" అని ఇంటివారు వ్రాసిరి. ఆరు మెట్లకు నా భార్య అంగీకరించినది.

ఇంకను అడుగవలసినవి: పొయ్యి యెట్టిది? అయస్కాంతపు పొయ్యియైనచో మన అల్యూమినియము పాత్రలు దానిపై పనికిరావు. అడుగు ఇనుముపాత్ర కావలెను. బట్టలుతుకు యంత్రమున్నదా? వేసవిలో గది చల్లబడు సాధనమున్నదా? అచ్చటి పాత యిండ్లు చలికి కట్టినవి. శీతల యంత్రములు చాలయిండ్లలో నుండవు. 2025 జూన్ చివర వేడిమి మెండైన దినములలో, పగలు కిటికీతలుపులు మూసి రాత్రి తెరచుకొంటిమి. మన పెంకుటిండ్లలో చేయునదే. ఇంకొక నియమము: ఆస్ట్రియాలో ప్రైవేటు ఇంట బసచేయు వారు 3 దినములలోగా అచ్చటి కార్యాలయమున తమ పేరు నమోదు చేయించుకొనవలెను. హోటలులోనైనచో అతిథి పుస్తకముతో సరిపోవును. ఇంటివారినడిగి ముందే తెలిసికొనుడు.

ఆహారమును గూర్చి పెద్దలకు బెంగ యుండును. వంటయిల్లు గల మకామునకు ఇదియే పెద్ద ప్రయోజనము. బియ్యము, పాలు, పెరుగు, బంగాళాదుంపలు, టమాటాలు, పప్పులు ఏ నగరమునైనను దొరకును. పెట్టెలో పెట్టుకొని పోవు వస్తువుల విషయమున మాత్రము జాగ్రత్త వలయును. ఐరోపా సమాఖ్య దేశములలోనికి బయటినుండి పాలతో చేసినవియు, మాంసముతో చేసినవియు ప్రయాణికులు తీసికొని పోరాదు. అనగా నేయి, పాలకోవ, నేతిమిఠాయిలు నిషిద్ధములు. పచ్చి కూరగాయలకును, పండ్లకును ధ్రువపత్రము కావలెను. అయితే అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరములకు మినహాయింపు కలదు. కొబ్బరికాయ పోవును, కోవ పోదు. ఈ మాట చెప్పగా నా భార్య మూటగట్టిన నేతి సీసాను నిట్టూర్చుచు తిరిగి అలమారలో పెట్టినది. మందులు, వైద్యుని చీటితో సహా, చేతిసంచిలోనే యుండవలెను. ఆదివారము అచ్చట దుకాణములు మూసియుండును. శనివారము సాయంకాలమునకే పాలు, కూరలు తెచ్చుకొనవలె ననునది మేము మొదటి ఆదివారము పస్తుండబోయి నేర్చుకొంటిమి. స్టేషనులోని దుకాణమొకటి మమ్ము కాపాడినది.

మేము జూన్ నడుమ బయలుదేరితిమి. నియమ మొకటి పెట్టుకొంటిమి: ఒక దినము బయటి యూరు, మరుదినము మకాముననే. వేసవిలో అచ్చట సూర్యుడు 5 గంటలకు ముందే ఉదయించి రాత్రి 9 గంటల ప్రాంతమున అస్తమించును. మనకంటె గడియారము మూడున్నర గంటలు వెనుక. ఉదయము వంట ముగించుకొని, పెరుగన్నము కట్టుకొని, 9 గంటలకు రైలెక్కితిమేని బ్రాటిస్లావా చూచి సాయంకాలమునకు ఇల్లు చేరుదుము. సరిహద్దు దాటునది తెలియనే తెలియదు. అయినను పాసుపోర్టు వెంటనుండవలెను. స్లొవాకియాలో యూరోయే చెల్లును. హంగరీలో ఫోరింటు, చెక్ దేశమున కొరూనా. దూరపు రైళ్లకు టిక్కెట్టు ముందుగా కొన్నచో చౌక.

ఊర నున్న దినములే నాకు మరింత జ్ఞాపకము. వియన్నా వాసులు త్రాగు నీరు ఆల్ప్సు కొండల ఊటలనుండి వచ్చును. 1873లో ఒక కాలువను, 1910లో రెండవ దానిని నిర్మించిరి. యంత్రములతో తోడకుండ వాలుననుసరించి నీరు తనంతట తానే నగరమునకు దిగి వచ్చును. ధవళేశ్వరపు కాలువల నీటితో పెరిగిన నాకు ఆ యేర్పాటు చూచి చేతులు జోడింప బుద్ధి పుట్టినది. అచ్చటి కాఫీ యిండ్లు మన రచ్చబండల వంటివి. ఒక కాఫీ, దానితో ఒక గ్లాసు మంచినీరు తెచ్చి పెట్టుదురు. పత్రికలు చదువుకొనుచు రెండు గంటలు కూర్చుండినను లెమ్మనువారు లేరు. మా వీధి చివర చెట్ల క్రింద బల్లలుండెడివి. సాయంకాలము వృద్ధస్త్రీలు చేరుదురు. "గ్రూస్ గొట్" అని వారి పలకరింపు. దైవము నిన్ను పలుకరించుగాక యని దాని భావము. నా భార్య మూడవ దినముననే ఆ మాట నేర్చినది.

తొమ్మిదవ దినమున ఆమె మోకాలు వాచినది. బుడాపెస్టు టిక్కెట్లు మరునాటికి కొనియుంటిమి. నా గుండె జారినది. 2017 నాటి మెట్టు కన్నుల గట్టినది. ఆమె మంచముపై కాలు చాచుకొని, "టిక్కెట్టు పోతే పోయింది. ఊరు ఎక్కడికి పోదు కదా" అన్నది. ఆ మాటతో నా పట్టికల రోగము పూర్తిగా కుదిరినది. మూడు దినములు కదలలేదు. చల్లని నీటిగుడ్డ వేసికొని, జావ కాచుకొని, కిటికీలోనుండి ట్రాములు చూచుచు గడపితిమి. పోయినవి ఒక దినపు టిక్కెట్లు మాత్రమే. 11 ఊళ్ల పట్టికతో వచ్చి యుండినచో, వరుసగా మూడు ఊళ్ల గదులు, మూడు రైళ్ల సొమ్ము పోవుట యటుండ, వాచిన కాలితో ఆమెను మరల మెట్లెక్కించి యుందును. మకాము యొక్క విలువ బాగున్న దినమున తెలియదు. బాగులేని దినమున తెలియును. అవసరమైనచో పిలుచుటకు ఐరోపా సమాఖ్య దేశములన్నింటను 112 అను సంఖ్య పనిచేయును. ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి గోడకంటించితిమి; దేవుని దయవలన అక్కరపడలేదు.

నెలలో మూడు వారములు నగరమున, కడపటి వారము పల్లెలో నుండవలెనని ముందే అనుకొంటిమి. డాన్యూబు నది మెల్క్, క్రెమ్స్ అను రెండూళ్ల నడుమ సుమారు 36 కిలోమీటర్ల మేర కొండల సందున ప్రవహించును. ఆ లోయ పేరు వాఖౌ. కొండవాలున మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. వాని కట్టలు సున్నము లేకుండ రాతిపై రాయి పేర్చినవి. మన హైదరాబాదువారు ఖుబానీ యనుకొను పండ్ల తోటలును అచ్చట మెండు. జూలైలో కోతకు వచ్చును. డ్యూర్న్‌ష్టైన్ అను పల్లెపై పాడుపడిన కోట యున్నది. 1192లో పట్టుబడిన ఇంగ్లండు రాజైన రిచర్డును బంధించి యుంచినది అచ్చటనే. మెల్కులో కొండపై పెద్ద క్రైస్తవ మఠము, 1089లో స్థాపించిరి.

ఆ పల్లెలలో నన్ను నిలువబెట్టినది కోటయు గాదు, మఠమును గాదు. నదియొడ్డు ఇండ్ల గోడలపై గీతలు గీసి సంవత్సరములు వ్రాసియున్నారు. అవి వరదల గుర్తులు. 2002 ఆగస్టులో డాన్యూబునకు గొప్ప వరద వచ్చినది. మా యింటి గోడపై 1986 ఆగస్టు నాటి గోదావరి వరద గీత నేటికిని కలదు; మా నాన్నగారు మేకుతో గీచినది. నా భార్య ఆ గీతకు తన యెత్తు సరిచూచుకొని, "ఇక్కడివాళ్లూ మనలాగే గీసుకున్నారండీ" అన్నది. ఆ సాయంకాలము నదియొడ్డున బల్లపై చీకటిపడువరకు కూర్చుంటిమి. ఆమె అడిగినది అదియే గదా.

అయ్యలారా, సారాంశము చెప్పి ముగించెదను. నెల దినములకు ఒక మకాము చాలును, రెండింటికి మించరాదు. రైళ్ల కూడలియైన ఊరిని చూచుకొనుడు. మెట్లు లెక్కించి ఇల్లు కుదుర్చుకొనుడు. వంటయిల్లు ఉండవలెను. మకామును బట్టి వీసా, వీసాను బట్టి టిక్కెట్టు. ఒక దినము తిరిగినచో ఒక దినము ఉండుడు. పట్టిక వ్రాసిన తరువాత దానిని ఇంటి యిల్లాలి చేతికిచ్చి, ఇందులో మనము కూర్చుండు ఊరేదో చెప్పగలరా యని అడుగుడు. ఆమె వ్రేలు పెట్టి చూపగలిగినచో బయలుదేరుడు.

మేము ఊరు చేరిన మరునాడు అమ్మలక్కలు మరల చేరిరి. ఏమి చూచితివని యడిగిరి. ఆమె రాజప్రాసాదముల మాట ఎత్తలేదు. "మా వీధి చివర నాలుగు బల్లలుండేవి" అని మొదలుపెట్టినది. నేను అరుగుమీద పత్రిక మడిచి పెట్టి వినుచు కూర్చుంటిని.